చంటిపాపకు నిద్ర, ఇంటిల్లిపాదికీ ఊరట

'ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు' అన్నారు మన పెద్దలు. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఈ సామెతను కాస్త సవరించుకోవాలి. అక్కడ ఆకలి వేళ ఎరుగదు, నిద్ర రాత్రి ఎరుగదు! పగలంతా హాయిగా పడుకున్న పాప, ఇంట్లో దీపాలు ఆర్పే వేళకు కళ్ళు పత్తికాయల్లా విప్పుకుని ఆటలు మొదలుపెడుతుంది. తెల్లవారుజామున మూడు గంటలకు తల్లి కళ్ళు మంటలు, తండ్రికి పొద్దున్నే డ్యూటీ, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనన్న బెంగ.

వెనకటి ఇళ్ళల్లో బాలింతకు అమ్మ, అమ్మమ్మ, మేనత్త, పిన్ని ఉండేవారు. ఒకరు అలిసిపోతే మరొకరు బిడ్డను అందుకునేవారు. ఇప్పుడు మన పిల్లలు బెంగుళూరులోనో, పూణేలోనో, చెన్నైలోనో రెండు గదుల ఫ్లాటులో ఇద్దరే ఉంటున్నారు. పురిటికి వచ్చిన అమ్మ మూడో నెలకో అయిదో నెలకో ఊరికి వెళ్ళిపోతుంది. 2017లో చట్టాన్ని సవరించి ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు గనుక ఉద్యోగం చేసే తల్లికి కొంత వెసులుబాటు దొరికింది. కానీ ఆ 26 వారాలు పూర్తయ్యేసరికి బిడ్డ రాత్రంతా నిద్రపోవడం నేర్చుకుని ఉంటుందన్న హామీ ఏ చట్టమూ ఇవ్వలేదు.

ఇక సలహాలకు మాత్రం కొదవ ఉండదు. "ఏడవనీ, అదే అలవాటవుతుంది" అంటారొకరు. "ఏడ్చే బిడ్డను ఎత్తుకోకపోతే నువ్వేం తల్లివి?" అంటారింకొకరు. ఈ రెండింటి మధ్యా ఒక నెమ్మదైన దారి ఉంది. అది మన ఇళ్ళకు కొత్తదేమీ కాదు. దాని గురించే నాలుగు మాటలు.

పాప నిద్ర లెక్క వేరు

బ్యాంకులో పనిచేసేవాణ్ణి కదా, ముందు లెక్క చూద్దాం. అమెరికాలోని నేషనల్ స్లీప్ ఫౌండేషన్ 2015లో ప్రకటించిన ప్రకారం మూడు నెలల లోపు బిడ్డకు రోజుకు 14 నుంచి 17 గంటల నిద్ర కావాలి. నాలుగు నుంచి పదకొండు నెలల బిడ్డకు 12 నుంచి 15 గంటలు చాలు. అంటే మొత్తం జమ ఎక్కువే! చిక్కంతా అది చిన్న చిన్న వాయిదాల్లో రావడంతోనే. పుట్టిన కొత్తలో పొట్ట చిన్నది, పాలు తొందరగా అరిగిపోతాయి, రెండు మూడు గంటలకోసారి ఆకలి వేస్తుంది. రాత్రీ పగలూ తేడా తెలిపే గడియారం బిడ్డ ఒంట్లో పుట్టుకతో తయారై ఉండదు. రెండో నెల నుంచి నాలుగో నెల లోపు అది మెల్లమెల్లగా కుదురుకుంటుంది.

ఇంకో సంగతి. మన నిద్రలో ఒక్కో విడత సుమారు గంటన్నర ఉంటే, పసిపాపకు గంట లోపే. పైగా పుట్టిన కొత్తలో ఆ నిద్రలో దాదాపు సగం కలత నిద్ర. ఆ సమయంలో పాప మూలుగుతుంది, మొహం చిట్లిస్తుంది, కాళ్ళు ఆడిస్తుంది, నవ్వుతుంది కూడా. దేవుడు నవ్విస్తున్నాడని మన బామ్మలు మురిసిపోయేది ఆ నవ్వు చూసే. ఒక్కో విడత అయ్యాక బిడ్డ కాస్త మెలకువకు వచ్చి మళ్ళీ నిద్రలోకి జారుకుంటుంది. ఇది జబ్బూ కాదు, దుర్గుణమూ కాదు.

'మా వాడికి ఆరు నెలలొచ్చినా రాత్రంతా నిద్రపోడు' అని బాధపడే తల్లులు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. కెనడాలో జరిపి 2018లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఆరు నెలల పిల్లల్లో నూటికి 38 మంది ఏకబిగిన ఆరు గంటలు కూడా నిద్రపోవడం లేదని తేలింది. ఏడాది నిండిన వాళ్ళలో సైతం అలాంటివారు నూటికి 28 మంది. ఆ పిల్లల ఎదుగుదలలో ఏ లోపమూ కనిపించలేదు. పక్కింటి పాప పదింటికి పడుకుని ఆరింటికి లేస్తోందంటే అది ఆ ఇంటి అదృష్టం. మన పెంపకంలో తప్పుందని కాదు.

ఏడవనివ్వాలా, ఎత్తుకోవాలా?

ఏడవనిమ్మనే సలహా పాశ్చాత్యుల దగ్గర చాలా పాతది. అమెరికా వైద్యుడు ఎమ్మెట్ హోల్ట్ 1894లో తల్లుల కోసం రాసిన పుస్తకంలో ఆ ధోరణే కనబడుతుంది. 1985లో రిచర్డ్ ఫెర్బర్ అనే వైద్యుడు దాన్ని కొంచెం మెత్తబరిచి, కొద్ది నిమిషాలు ఆగి వెళ్ళి ఓదార్చడం, ఆగే సమయాన్ని క్రమంగా పెంచడం అనే పద్ధతి చెప్పాడు.

ఆస్ట్రేలియాలో నిద్ర సరిగా లేని పిల్లల తల్లిదండ్రులకు కొందరికి రెండు పద్ధతులు నేర్పారు. ఒకటి ఇలా ఆగి ఆగి ఓదార్చడం. రెండోది బిడ్డ పక్కనే కూర్చుని, రోజురోజుకీ కొంచెం కొంచెంగా దూరం జరగడం. పిల్లల నిద్ర మెరుగుపడింది, తల్లుల దిగులు తగ్గింది. ఆ పిల్లలకు ఆరేళ్ళు వచ్చాక మళ్ళీ పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఈ పద్ధతులు పాటించిన పిల్లలకూ, పాటించని పిల్లలకూ మనసులో గానీ, నడతలో గానీ, తల్లిదండ్రులతో అనుబంధంలో గానీ తేడా కనబడలేదు.

దీనివల్ల రెండు సంగతులు తెలుస్తున్నాయి. కాసేపు ఏడ్చినంత మాత్రాన బిడ్డ మనసు విరిగిపోదు. అలాగే ఎత్తుకున్నంత మాత్రాన బిడ్డ చెడిపోదు. కాబట్టి ఎవరి ఇంటికి ఏది ఇమిడితే అది చేసుకోవచ్చు. అయితే ఆరు నెలలైనా నిండని బిడ్డను ఒంటరిగా ఏడవనివ్వడం మాత్రం తగదు. ఆ వయసులో ఏడుపే బిడ్డకున్న ఒకే ఒక్క భాష.

మన ఇళ్ళ సంగతి చూస్తే గదులు తక్కువ, మనుషులు ఎక్కువ. పాప ఏడిస్తే తాతగారు మంచం దిగి వస్తారు. అలాంటి చోట నెమ్మదైన దారే మేలు.

నాలుగు రాష్ట్రాల ఉయ్యాల

ఉద్యోగరీత్యా బదిలీల మీద నాలుగు రాష్ట్రాలు తిరిగాను. బళ్ళారిలో ఉయ్యాలను తొట్టిలు అంటారు, జోలపాటను జోగుళ అంటారు. సేలంలో తొట్టిల్, తాలాట్టు. బరంపురంలో దోళి, అందులో పాపకు నానాబాయా గీతలు. సోలాపూర్‌లో పాళణా అంటే ఉయ్యాలా అదే, ఉయ్యాల పాటా అదే. మన తెలంగాణలో తొట్టెల. పేరు ఏదైనా ప్రతి తెలుగింట్లోనూ జోకొట్టే చెయ్యి ఒక్కటే. అన్నమాచార్యులు లాలి పాటలు రాశారు. కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉండి త్యాగరాజస్వామి లాలి పాడింది తెలుగులోనే. మూడు నాలుగు తరాలుగా బయట స్థిరపడిన మన ఇళ్ళలో పిల్లలకు తెలుగు మొదట చెవిన పడేది కూడా ఉయ్యాల దగ్గరే.

ఊపడం, ఎత్తుకుని తిప్పడం వట్టి గారాబం కాదని ఇప్పుడు శాస్త్రజ్ఞులూ చెబుతున్నారు. 1986లో కెనడాలోని మాంట్రియల్‌లో జరిగిన ఒక అధ్యయనంలో, రోజూ మామూలుకన్నా ఎక్కువసేపు ఎత్తుకున్న పిల్లలు ఆరో వారంలో 43 శాతం తక్కువ ఏడ్చారు. ఆరో వారమే ఎందుకంటే, పసిపిల్లల ఏడుపు ఎక్కువగా ఉండేది ఆ రోజుల్లోనే. మూడో నెల దాటేసరికి చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

2022లో జపాన్ శాస్త్రజ్ఞులు మరో చిట్కా చెప్పారు. ఏడుస్తున్న పాపను ఎత్తుకుని ఆగకుండా అయిదు నిమిషాలు నడవాలి. నిద్రపోయాక వెంటనే పక్క మీద వెయ్యకూడదు. ఒళ్ళో పెట్టుకుని మరో అయిదారు నిమిషాలు, ఎనిమిది దాకా, కూర్చోవాలి. ఆ తర్వాతే మెల్లగా పడుకోబెట్టాలి. తొందరపడి దించితే తల్లి ఒళ్ళు వదిలిన క్షణంలోనే బిడ్డ ఉలిక్కిపడి లేస్తుందట. భుజాన వేసుకుని వరండాలో పచార్లు చేసే మన తాతయ్యలకు ఇది ఎవరూ చెప్పకుండానే తెలుసు!

మెల్లమెల్లగా అలవాటు చేయడం ఎలా?

ఒకటి: పగలును పగలుగా, రాత్రిని రాత్రిగా చూపించాలి. పగలు కిటికీ తెరలు తీసి వెలుతురు రానివ్వండి. కుక్కర్ ఈలకూ, గిన్నెల చప్పుడుకూ భయపడి ఇల్లంతా గుసగుసలాడక్కర్లేదు. రాత్రి పాలు పట్టేటప్పుడు మాత్రం చిన్న బెడ్‌లైటు చాలు. కబుర్లు వద్దు, ఆటలు వద్దు, సెల్‌ఫోను వెలుగు అసలే వద్దు. రాత్రిపూట తల్లిపాలలో నిద్రకు తోడ్పడే మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో అది దాదాపు ఉండదు. ప్రకృతి తన వంతు చేస్తూనే ఉంది.

రెండు: రోజూ ఒకే వరస. గోరువెచ్చని నీళ్ళతో స్నానం, లేదా తడిబట్టతో ఒళ్ళు తుడవడం, కాస్త నూనె రాసి నిమరడం, పొడిబట్టలు, పాలు, తేన్పు, దీపం తగ్గించడం, జోలపాట. అంతా అరగంటలో ముగియాలి. 2009లో 405 మంది తల్లులతో జరిపిన ఒక పరిశీలనలో, ఏడు నెలలు దాటిన పిల్లలకు ఇలాంటి వరస రోజూ పాటిస్తే రెండు వారాల్లోనే త్వరగా నిద్రపోయారు, రాత్రి లేవడం తగ్గింది. తల్లుల చిరాకు కూడా తగ్గింది. పాట బాగా రావాలన్న నియమం లేదు. రోజూ అదే పాట అయితే చాలు.

మూడు: నిద్ర గుర్తులు కనిపెట్టాలి. కళ్ళు నులుముకోవడం, చెవి లాక్కోవడం, ఆవలింత, ఆట మీద ధ్యాస తప్పడం. ఇవి కనబడగానే పక్క దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆ వేళ దాటితే అలసిపోయిన పాప ఇంకా మారాం చేస్తుంది. పగటి నిద్ర మానిపిస్తే రాత్రి బాగా నిద్రపోతుందనుకోవడం పొరపాటు.

నాలుగు: మాగన్నుగా ఉన్నప్పుడే పడుకోబెట్టడం. మూడు నాలుగు నెలలు దాటాక రోజుకొక్కసారి ఇది ప్రయత్నించండి. కళ్ళు పూర్తిగా మూతపడక ముందే పక్క మీద వేసి, మీద చెయ్యి వేసి జోకొట్టండి. ఒళ్ళోనే నిద్రపోయిన బిడ్డ, రాత్రి మెలకువ వచ్చినప్పుడు మళ్ళీ ఆ ఒడినే వెతుక్కుంటుంది. పక్క మీద నిద్రలోకి జారిన బిడ్డకు ఆ పక్కే పరిచయమవుతుంది. కుదరకపోతే ఎత్తుకోండి, రేపు మళ్ళీ చూడొచ్చు.

అయిదు: వెంటనే ఎత్తకుండా ఒక్క నిమిషం వినడం. మూలుగు వేరు, ఏడుపు వేరు. కలత నిద్రలో మూలిగిన పాపను మనమే ఎత్తి లేపేస్తుంటాం. నిజంగా ఏడిస్తే తప్పకుండా దగ్గరికి వెళ్ళాలి.

ఆరు: ఒక్కో మెట్టూ దిగడం. మూడు నాలుగు రాత్రులు ఎత్తుకుని కాక పక్కలో జోకొట్టండి. మరో నాలుగు రాత్రులు జోకొట్టకుండా చెయ్యి మాత్రం వేసి ఉంచండి. ఆ పైన చెయ్యి తీసి పక్కనే కూర్చుని పాడండి. జ్వరమో, జలుబో, పన్నో వస్తే ఒక మెట్టు వెనక్కి రావలసి ఉంటుంది. నష్టం లేదు.

ఏడు: నిద్రవేళను జరపడం. ఎనిమిదికి పడుకోబెట్టినా తొమ్మిదిన్నరకు గానీ నిద్రపోని పాపతో గంటన్నర కుస్తీ ఎందుకు? తొమ్మిదిన్నరకే మొదలుపెట్టండి. త్వరగా నిద్రపోవడం అలవాటయ్యాక రెండు మూడు రోజులకోసారి పావుగంట ముందుకు తెచ్చుకోండి.

రాత్రి పాలు మానిపించే విషయం మాత్రం పిల్లల డాక్టరును అడిగే తేల్చుకోవాలి. ఆరు నెలల లోపు ఆ ఆలోచనే వద్దు.

వద్దే వద్దనదగినవి

ఒకప్పుడు బొంబాయి బట్టల మిల్లుల్లో మన తెలంగాణ నుంచి వలస వెళ్ళిన కుటుంబాలు ఎన్నో పనిచేసేవి. ఆ మిల్లు పేటల్లో పనికి వెళ్ళే తల్లులు పిల్లలకు బాలాగోళీ అనే నల్లమందు మాత్ర వేసి పడుకోబెట్టి వెళ్ళే ఆచారం ఉండేది. 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్ కూడా పసిపిల్లలకు నల్లమందు పెట్టడం గురించి ప్రస్తావించింది. ఆ తల్లులను నిందించే హక్కు మనకు లేదు, వాళ్ళకు వేరే దారి చూపినవారు లేరు. ఈనాటి నల్లమందు ఏమిటంటే నిద్ర పట్టించే జలుబు సిరప్. డాక్టరు రాయకుండా అది ఇవ్వడం ప్రమాదం. 1851లో ఇంగ్లండులో పుట్టిన గ్రైప్ వాటర్‌లో సైతం చాలాకాలం ఆల్కహాలు ఉండేది, తర్వాత తీసేశారు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదు. అందులో ఉండగల సూక్ష్మజీవి వల్ల పసిపిల్లలకు ప్రాణాపాయం కలగవచ్చు.

పడుకోబెట్టే తీరులోనూ జాగ్రత్త కావాలి. ఏడాది నిండేదాకా ఎప్పుడూ వెల్లకిలే పడుకోబెట్టాలి. అమెరికాలో 1994 నుంచి ఈ మాట ప్రచారం చేసిన తర్వాత నిద్రలో పసిపిల్లల హఠాన్మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. పరుపు గట్టిగా, సమంగా ఉండాలి. తలగడ, బొంత, బొమ్మలు పక్కలో వద్దు. బిడ్డ తల్లి గదిలోనే, తనకంటూ వేరే పక్క మీద పడుకోవడం మంచిదని అక్కడి పిల్లల వైద్యుల సంఘం సలహా. సోఫాలో గానీ, పొగతాగిన వారి పక్కన, మద్యం సేవించిన వారి పక్కన గానీ బిడ్డను అసలే ఉంచకూడదు. చీర ఉయ్యాలలో వేస్తే పాప గడ్డం గుండెకు ఆనుకోకుండా, ఊపిరికి అడ్డు లేకుండా చూడాలి, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. నిద్రపోయాక సమమైన పక్క మీదకు మార్చాలి. పొత్తిళ్ళు తొడల దగ్గర వదులుగా ఉండాలి. బోర్లా పడే వయసు రాగానే చుట్టడం మానాలి. సాంబ్రాణి పొగ మూసిన గదిలో వద్దు. దోమతెర మాత్రం ఎంతో మేలు.

మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా, ఊపిరి కష్టమైనా, ఆకుపచ్చగా వాంతి చేసుకున్నా, ఎంత ఓదార్చినా ఏడుపు ఆగకపోయినా అది నిద్ర సమస్య కాదు. దిష్టి తీస్తూ కూర్చోక వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

తల్లి నిద్ర ఎవరి ఖాతాలో?

మా శాఖలో క్యాష్ కౌంటర్లో పనిచేసే ఒక అమ్మాయి ప్రసూతి సెలవు ముగించుకుని చేరింది. హోసూరు వైపు తెలుగు కుటుంబం. బాబు రాత్రి అయిదారుసార్లు లేస్తాడు. తల్లి పాలిస్తే తప్ప పడుకోడు. "సార్, నోట్లు లెక్కపెడుతుంటే అంకెలు అలుక్కుపోతున్నాయి" అంది ఒకరోజు కళ్ళనీళ్ళతో. ఇంట్లో భర్త ఎవరో చెప్పింది విని గది తలుపు వేసేద్దామన్నాడు. అత్తగారు ససేమిరా ఒప్పుకోలేదు. "పిల్లోడు గుక్కపట్టి ఏడుస్తావుంటే తలుపేసుకుని కూర్చుంటారా నాయనా?" అన్నారావిడ. నాకు ఆవిడ మాటే సబబుగా తోచింది. అయితే ఆ మాటతోపాటు పని కూడా పంచుకోవాలి కదా!

చివరకు వాళ్ళు ఒక నోటుపుస్తకం పెట్టారు. బాబు ఎప్పుడు పడుకున్నాడు, ఎప్పుడు లేచాడు, ఎవరు ఎత్తుకున్నారు అని వారం రోజులు రాశారు. రాస్తే తెలిసింది ఏమిటంటే, అయిదుసార్లలో రెండుసార్లే బాబు గట్టిగా పాలు తాగుతున్నాడు. మిగతా మూడూ రెండు గుక్కలు తాగి పడుకోవడమే. డాక్టరును అడిగి, ఆ మూడు వేళల్లో తండ్రి ఎత్తుకోవడం మొదలుపెట్టాడు. మొదటి మూడు రాత్రులు బాబు గొడవ చేశాడు, కానీ తండ్రి భుజం మీదే చేశాడు. సాయంత్రం స్నానం, జోల నాయనమ్మ వంతు. నెల తిరిగేసరికి బాబు రెండుసార్లే లేస్తున్నాడు. రాత్రంతా కాదు, కానీ తల్లికి ఏకబిగిన నాలుగు గంటల నిద్ర దొరికింది. మనిషి మొహంలో కళ వచ్చింది.

నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. బిడ్డ నిద్ర తల్లి ఒక్కదాని బాధ్యత అయినంతకాలం ఏ పద్ధతీ నిలవదు. తండ్రి ఒక జాము, నాయనమ్మో అమ్మమ్మో ఒక జాము పంచుకుంటే నెమ్మదైన పద్ధతికి కావలసిన ఓపిక ఇంట్లో మిగులుతుంది. ఓపిక నిండుకున్న చోటే కసురుళ్ళు, మందుచుక్కలు, మూసిన తలుపులు వస్తాయి. సాయానికి పెద్దవాళ్ళు లేని ఇంట్లో సెలవురోజు మధ్యాహ్నమైనా భర్త బిడ్డను చూసుకుని భార్యను రెండు గంటలు పడుకోనివ్వాలి. ప్రసవమైన తర్వాత రెండు వారాలు దాటినా తల్లికి దిగులు తగ్గకపోతే, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోతే, అది సోమరితనం కాదు, వైద్యం అవసరమైన బాధ. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది.

ఈ రోజులు గడిచిపోతాయి. ఇవాళ ఒళ్ళో తప్ప పడుకోనని మొండికేసే పాప, నాలుగేళ్ళు తిరిగితే కథ సగంలో ఉండగానే నిద్రపోతుంది. అంతదాకా ఇంట్లో ఒక జోలపాట, అది పాడే గొంతులు రెండు మూడు సిద్ధంగా ఉంచుకోండి. ఈ రాత్రి ఎవరి వంతో భోజనాల దగ్గరే తేల్చుకోండి.